లెక్కపెట్టని లూన్లు

సెప్టెంబర్ 14

పద్నాలుగు.

లూన్లే అనుకుంటున్నాను, చలికి దక్షిణానికి వలసపోయే పెద్ద నీటిపక్షులు. ఒకటి రెండు కాకపోవచ్చు. మా ఆయన తౌనో అయితే ఒక్క చూపుకే చెప్పేవాడు. ఇరవై ఏడేళ్ళుగా ప్రతి సెప్టెంబరూ తెల్లవారేసరికి సరస్సులోకి చొచ్చుకుపోయిన ఈ రాళ్ళ మొన మీదికి వచ్చి కూర్చున్నాడు. నేను ఒక్కసారీ రాలేదు. రమ్మని అడిగిన రోజుల్లో నాకు బడి వంటశాలలో పని. నేను పని మానేసేసరికి తను అడగడం మానేశాడు.

ఇంటికొచ్చి మంచం దగ్గర నిలబడి "పద్నాలుగు" అన్నాను. కళ్ళు నా వైపు తిప్పాడు. జూన్ నుంచీ గోడనే చూస్తున్న కళ్ళు.

సెప్టెంబర్ 15

తొమ్మిది. వేళ్ళు కొంకర్లు పోయాయి.

సెప్టెంబర్ 16

వాన. ఏవీ రాలేదు. నేను మాత్రం తడిశాను.

సెప్టెంబర్ 18

ఇరవై రెండు అనుకున్నాను. పదమూడేనట.

ఐనార్ ఈ రోజు తన మొన వేరొకరికి అప్పగించి నా దగ్గరికి వచ్చాడు. ఆయనది ఇసుక మొన, అఖాతానికి అవతల ఆరు మైళ్ళు. కెనడా వైపు నుంచి సరస్సు దాటి వచ్చిన పక్షులు ముందు నా మీదుగా, మరో పది నిమిషాలకు ఆయన మీదుగా దక్షిణానికి పోతాయి. తౌనో, ఆయన కలిసి మొదలుపెట్టిన లెక్క ఇది. సూర్యోదయం నుంచి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలకు ముందు వచ్చినా వెనక వచ్చినా లెక్కలోకి రావు.

"అవి నీటికాకులు సైమీ," అన్నాడు. "బారులు కట్టి పోతే నీటికాకులు. లూన్‌కి పక్కవాళ్ళతో పనిలేదు. మెడ కిందికి వేలాడేసి, వీపు గూని చేసుకుని, కాళ్ళు వెనక్కి చాచి తన మానాన తను పోతుంది. మీ ఆయన చర్చికి నడిచినట్టు."

నవ్వాను. నవ్వాక ఏం చేయాలో తెలియలేదు.

పోయిన నవంబరులో దక్షిణాన ఉన్న కింది సరస్సు ఒడ్డుకు చచ్చిన లూన్లు కొట్టుకొస్తున్నాయని తెలిసి వీళ్ళిద్దరూ వెళ్ళారు. రెండు రోజుల్లో మూడు వందల పైచిలుకు ఏరారు. విషమెక్కిన చేపలు తిని, మెడ నిలబడక, నీళ్ళలో తల వాలిపోయి మునిగాయట. తౌనో ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. "ఎన్ని మిగిలాయో వచ్చే ఏడు తెలుస్తుంది," అన్నాడు. చలికాలమంతా అదే మాట. జూన్‌లో కట్టెలు కొడుతూ పడిపోయాడు. కుడిపక్క పోయింది, మాట పోయింది. మనం అన్నవన్నీ అర్థమవుతాయంటాడు డాక్టరు.

వాడు ఎదురుచూసింది ఈ ఒక్క ఏడు కోసమే అన్నాడు ఐనార్, వెళ్ళేటప్పుడు.

అందుకే వస్తున్నాను. వేరే కారణం లేదు.

సెప్టెంబర్ 22

ముప్పై ఒకటి. చెప్పగానే నాలుగు చెంచాల జావ తాగాడు. రాసి పెట్టుకోవలసిన సంగతి.

సెప్టెంబర్ 24

ఆరు.

చెప్పాను. గోడ వైపు తిరిగాడు. చెంచా పెదవికి తగిలిస్తే పళ్ళు బిగించాడు.

నేను మొన దగ్గరున్నంతసేపూ తౌనో అక్క లెంపీ వదిన వచ్చి కూర్చుంటుంది. ఈ రోజు నేను వచ్చాక కూడా వెళ్ళలేదు. వంటింట్లోకి పిలిచి, వాళ్ళ నాన్న కూడా ఇలాగే నోరు మూసుకుని పదకొండో రోజున పోయాడని చెప్పింది. "వాడు నిశ్చయించుకున్నాడమ్మా," అంది. తను తెచ్చిన ఏలకుల రొట్టె కోసి నా ముందు పెట్టింది. తిన్నాను. రుచిగా ఉంది. రుచి తెలిసినందుకు సిగ్గేసింది.

సెప్టెంబర్ 25

నాలుగు. చెప్పలేదు, నిద్రలో ఉన్నాడు. పొద్దస్తమానం నిద్రే.

కాగితాలు పంపే బుధవారం కదా, ఐనార్ వచ్చాడు. వారం లెక్కలున్న తన కాగితం, నా కాగితం రెండూ నిద్రపోతున్నవాడికి చదివి వినిపించి, పక్షుల సంఘానికి పోస్టు చేయడానికి పట్టుకెళ్ళాడు.

సెప్టెంబర్ 26

మూడు.

అరవై అని చెప్పాను.

ఎందుకన్నానో తెలియదు. నోరు తెరిచేదాకా మూడనే అనబోయాను. మొహం చూశాను. చెంపలు లోపలికి పోయాయి. "అరవై, తౌనో. ఉత్తరపు గాలి పడింది, బాగా వచ్చాయి," అన్నాను. గిన్నె ఖాళీ చేశాడు. ఇంకా ఉందా అన్నట్టు చూశాడు.

ఒక్కసారికి.

సెప్టెంబర్ 27

పదకొండు. (డెబ్బై నాలుగు.)

సెప్టెంబర్ 28

ఎనిమిది. (నూట రెండు.)

సెప్టెంబర్ 29

ఇరవై. (నూట యాభై.)

పొద్దున్న పొగమంచు. సరస్సు సగమే కనిపించింది. కొత్తవాళ్ళు సగానికి సగం వదిలేస్తారని ఐనారే అన్నాడు. నా కళ్ళకు అరవై నాలుగేళ్ళు. దూరంగా, నీటికి ఆనుకుని పోయేవి నాకెలా కనిపిస్తాయి? నేను చూడనివి నూట ముప్పై లేవని ఎవరు చెప్పగలరు? అలా చూస్తే నేను అన్నది అబద్ధం కాదు. తప్పిపోయినవాటిని కలిపి చెబుతున్నాను, అంతే.

అక్టోబర్ 2

ఐదు. (నూట ఎనభై.)

బుధవారం. ఐనార్ వస్తాడని పొద్దున్నే గుర్తొచ్చింది. ఆయన చదివేది కాగితం మీద ఉన్నదే. కాబట్టి కాగితంలో కూడా తౌనోకు చెప్పినవే ఎక్కించాను. ఈ ఒక్క వారానికి.

నా కాగితం చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. తర్వాత ఒక్కొక్క అంకే నెమ్మదిగా చదివాడు. తౌనో కళ్ళు ఆయన పెదవుల మీదే ఉన్నాయి. తన కాగితం జేబులోంచి తీయలేదు. మరిచిపోయాడేమో.

అక్టోబర్ 5

పన్నెండు. (రెండు వందల ముప్పై.)

నర్సు బెర్నీస్ వచ్చి తౌనో ఎడమచేతికి రబ్బరు బంతి ఇచ్చింది. గట్టిగా నొక్కాడు. పోయిన నెల ఈ మనిషి మీద ఆశ వదులుకున్నానని, ఏం పెడుతున్నానో చెప్తే మిగతా ఇళ్ళల్లో కూడా చెప్తానని అంది.

జావ, అన్నాను.

అక్టోబర్ 8

తొమ్మిది. (నాలుగు వందల పన్నెండు.)

ఉత్త అంకె చాలడం లేదు. ఎలా వచ్చాయో చెప్పమన్నట్టు చూస్తాడు. చెప్పాను. తెల్లవారగానే ఉత్తరాన నల్ల చుక్కలు కనిపించాయన్నాను. అవి పెద్దవై పెద్దవై నా తల మీదికొస్తే రెక్కల చప్పుడు వినిపించిందన్నాను. కొన్ని ఇంకా వేసవి నలుపులోనే ఉన్నాయి, మెడ చుట్టూ తెల్లగీతలు చెరగలేదు, చాలావరకు బూడిదరంగుకు తిరిగాయన్నాను. ఒకటి అలిసిపోయి నీళ్ళ మీద దిగి, పొట్టతో నీటిని దున్నుకుంటూ ఆగిందన్నాను. అదొక్కటి నిజం. మొన్న చూశాను.

కళ్ళు మూసుకుని విన్నాడు. నోరు ఎడమవైపు మాత్రం నవ్వింది.

నలభై ఒక్క ఏళ్ళ కాపురం. శరత్కాలమంతా సరస్సుకిచ్చి, మిగిలిన మనిషిని నాకు తెచ్చేవాడు. ఇప్పుడు నా బండి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉంటాడట, లెంపీ వదిన చెప్పింది. నా నోటి వంక ఇంతసేపు ఎన్నడూ చూడలేదు. పెళ్ళి నాడు కూడా.

అక్టోబర్ 9

మొనకు వెళ్ళలేదు. చర్చి వెనక బండి ఆపుకుని నాలుగు గంటలు కూర్చున్నాను. (రెండు వందల ఎనభై.)

సాయంత్రం ఐనార్ వచ్చి చదివాడు. తన కాగితం మళ్ళీ తేలేదు.

అక్టోబర్ 10

(నూట తొంభై.)

అక్టోబర్ 11

(మూడు వందల ఐదు.)

అక్టోబర్ 13

తౌనో ఎడమచేత్తో పెన్సిలు పట్టుకున్నాడు. క్యాలెండర్ వెనకపక్క వంకరటింకరగా కూడికలు. మూడు వేలు దాటిందట. దాని కింద 4612 అని వేసి గీత గీశాడు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం లెక్క అది, వాళ్ళు చూసినవాటిలో అన్నిటికంటే పెద్దది. ఆ గీత మీద వేలు పెట్టి నా వంక చూశాడు. దాటుతామా అని.

దాటుతామన్నాను.

చచ్చినవి చచ్చినా మందలు బతికే ఉన్నాయని అనుకుంటున్నాడు. ఆ నమ్మకంతోనే తింటున్నాడు, కూర్చుంటున్నాడు. డిసెంబరుకల్లా నిలబెట్టొచ్చంటోంది బెర్నీస్. నేను సంతోషంగానే ఉన్నాను. చాలా సంతోషంగా ఉన్నాను.

అక్టోబర్ 16

ఐనార్ లోపలికి రాలేదు. వరండాలో టోపీ తీయకుండా నిలబడ్డాడు. తౌనో పడుకున్నాడా అని అడిగి, తలుపు దగ్గరికి వేయమన్నాడు.

"ఎనిమిదో తారీఖు నీ వైపు నాలుగొందల పన్నెండు," అన్నాడు. "నా వైపు ఎన్నో తెలుసా? పదిహేను."

గాలి మారి అఖాతం చుట్టూ తిరిగి పోయాయేమో అన్నాను.

"పాస్టరు నన్నాపి అడిగాడు, సైమీకి ఒంట్లో బాగాలేదా, రోజూ పొద్దున్నే చర్చి వెనక బండిలో ఒక్కతే కూర్చుంటోంది అని."

నా కాగితాలు రెండు వారాలుగా తన సొరుగులోనే ఉన్నాయని, పోస్టు చేయలేదని చెప్పాడు. మొదటి బుధవారమే తెలిసిపోయిందట. తెలిసీ చదివాడట, తౌనో మొహం వెలుగుతుంటే ఆపలేక. తన అంకెలు వింటే పోల్చుకుంటాడని తన కాగితం జేబులో ఉంచేసుకున్నాడట.

అయితే ఇంకో నెల చదవమన్నాను. కాలం నవంబరు పదిహేనుకు అయిపోతుంది, అంతవరకు చాలు, తర్వాత నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాను. ఆయన చేయి పట్టుకున్నాను. బతిమాలాను. జీవితంలో ఎవరినీ అలా బతిమాలలేదు.

"ఎన్ని మిగిలాయని వాడు అడిగాడు. ఇంకేం అడగలేదు," అన్నాడు. "పోయిన నవంబరులో చచ్చినవాటిని పిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. నువ్వు చూడలేదు, నేను చూశాను. వాడికి మనిద్దరం కలిసి కథలు చెబుతున్నాం."

నిజం చెప్తే తిండి మానేస్తాడు, చచ్చిపోతాడు అన్నాను.

"పోవచ్చు," అన్నాడు ఐనార్. ఆదివారం లోపల నేను చెప్పాలట. లేకపోతే తను చెప్తాడట.

అక్టోబర్ 17

(తొంభై.) తగ్గిస్తూ పోతే తెలియకుండా అలవాటవుతుందేమో.

అక్టోబర్ 18

(నూట పది.) తొంభై అన్నప్పుడు మొహం పడిపోయింది, అందుకని.

అక్టోబర్ 19

రేపు ఆదివారం.

అక్టోబర్ 20

చెప్పాను.

జావ తాగిస్తూ సగంలో ఆపి కిటికీ వైపు చూస్తూ చెప్పాను. "అవి రాలేదు తౌనో. ఆ అంకెలన్నీ నేను కల్పించినవి." అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అప్పుడు ఈ పుస్తకం తెచ్చాను. ఎవరికీ చూపని పుస్తకం. సెప్టెంబరు ఇరవై ఆరు దగ్గర తెరిచి చదివాను. మూడు, పదకొండు, ఎనిమిది, ఇరవై. అక్టోబరు ఎనిమిది దాకా చదివి ఆగాను. ఆ తర్వాత లెక్కే లేదని, వెళ్ళలేదని చెప్పాను.

ఎడమచేత్తో గిన్నె విసిరేశాడు. గోడకు తగిలి క్యాలెండర్ మీదుగా జావ కారింది. గొంతులోంచి ఏదో గరగర వచ్చింది. పొలమారిందనుకుని లేపబోయాను. నా చేయి తోసేసి, క్యాలెండర్ వైపు చూస్తూ "చె... రు... పు" అన్నాడు.

మాట. నాలుగు నెలల తర్వాత మాట. నేను పిచ్చిదానిలా ఏడ్చాను, నవ్వాను, మాట వచ్చింది మాట వచ్చిందని భుజాలు పట్టుకుని ఊపేశాను. కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత నేల తుడుస్తుంటే తెలిసింది. అది నాతో మాట్లాడిన మాట కాదు. నా మీద ఉమ్మిన మాట.

అక్టోబర్ 21

మొనకు వెళ్ళాను. నాలుగు గంటలూ ఉన్నాను. పదిహేడు.

ఏమీ తినలేదు.

అక్టోబర్ 22

పది. తినలేదు. నీళ్ళు మాత్రం, అదీ లెంపీ వదిన పట్టిస్తేనే.

అక్టోబర్ 23

ఇరవై మూడు.

ఐనార్ సొరుగులోంచి నా కాగితాలు తెచ్చాడు. మంచం పక్కనే కూర్చుని కొత్త కాగితం మీద మళ్ళీ రాశాను, ఈ పుస్తకంలోంచి చూసి. ఒక్కో అంకె పైకి చదివాకే రాశాను. పాతది అడ్డంగా కొట్టేశాను. తౌనో కళ్ళు తెరిచి నా చేతినే చూశాడు.

తొమ్మిదో తారీఖు నుంచి ఇరవై దాకా ఏం రాయాలన్న ప్రశ్న వచ్చింది. తన వైపు అంకెలున్నాయి కదా, అవే వేద్దామన్నాడు ఐనార్, పెద్ద తేడా ఉండదని.

"వద్దు," అన్నాడు తౌనో. రెండో మాట.

పన్నెండు గళ్ళు ఖాళీగా వదిలేశాను. వాళ్ళిద్దరి లెక్కలో ఇరవై ఏడేళ్ళలో ఒక్క ఖాళీ గడి లేదు.

ఆ తర్వాత చెంచా పెడితే నోరు తెరిచాడు. నా వైపు మాత్రం చూడలేదు.

అక్టోబర్ 26

పంతొమ్మిది. పొద్దుటినుంచీ ఎడమచేత్తో బూట్లు చూపిస్తున్నాడు. అర్థం కానట్టు నటించాను. మధ్యాహ్నం బెర్నీస్‌ని అడిగితే ఈ చలిలో బయటికా, మాటే ఎత్తొద్దంది. బెర్నీస్ వెళ్ళాక మళ్ళీ బూట్లు చూపించాడు.

అక్టోబర్ 27

నలభై ఏడు.

తీసుకెళ్ళాను. లెంపీ వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అబద్ధాలు చెప్పి ఆడించావు, చాల్లేదా? ఇప్పుడు చలికి చంపుతావా?" అంది. తౌనో మూలిగాడు. తన అక్కను చేత్తో పక్కకు జరిపాడు. మూడు దుప్పట్లు చుట్టి, కుర్చీతో సహా ఐనార్, నేను మోసి బండి ఎక్కించాం. ఐనార్ తన మొనకు వెళ్ళాలి కదా, ఇద్దర్నీ రాళ్ళ మీద దింపి వెళ్ళిపోయాడు.

ఉత్తరపు గాలి. ఆకాశం శుభ్రంగా ఉంది. మామూలు ఏళ్ళలో ఇలాంటి పొద్దున ఐదారు వందలు పోయేవట. మేం కూర్చున్నాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకటి. మరో పావుగంటకు రెండు. నేను వేలు చూపించి "అదిగో" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నీటికాకి. నాకంటే ముందు చూస్తున్నాడు, బైనాక్యులర్ లేకుండానే. దుప్పటి కింద బొటనవేలు కదులుతోంది, ఒక్కో పక్షికి ఒక్కోసారి. ఆకాశం ఖాళీ అయినకొద్దీ దవడ బిగుసుకుంది. ఏడుస్తాడేమోనని చూశాను. ఏడవలేదు.

నాలుగో గంట అయ్యేసరికి నా మణికట్టు పట్టుకున్నాడు. ప్రేమతో కాదు. కాగితం వైపు లాగాడు. నలభై ఏడు అని రాశాను. చూసుకున్నాడు. ఆ తర్వాత కూడా చేయి వదల్లేదు.

"పోయాయి," అన్నాడు.

అవునన్నాను.

బండి వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

అక్టోబర్ 29

పద్నాలుగు. జ్వరం. ఊపిరిలో నీళ్ళ చప్పుడు. డాక్టరు వచ్చి ఆసుపత్రికి పంపమన్నాడు.

నవంబర్ 2

పొద్దున్న ఏడున్నరకు ఆసుపత్రిలో తౌనో పోయాడు.

నవంబర్ 6

పూడ్చాం. నేల పైన ఒక పొర గడ్డకట్టింది. లెంపీ వదిన నా పక్కన నిలబడలేదు. అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చి, "ఇంట్లో, తన పెద్ద మంచం మీద చావాల్సినవాడు," అంది. అంతే అంది.

నవంబర్ 7

అబద్ధం చెప్పి చంపానా, నిజం చెప్పి చంపానా, మొనకు తీసుకెళ్ళి చంపానా. లెంపీ వదిన లెక్కలో మూడోది. ఐనార్ లెక్కలో ఏదీ కాదు. నా లెక్కలో పొద్దున ఒకటి, సాయంత్రానికి ఇంకొకటి.

ఇంట్లో గిన్నె చూడలేకపోతున్నాను. జావ వాసన వస్తోంది. వండలేదు.

నవంబర్ 8

రెండు. ఎందుకు వెళ్ళానో తెలియదు. ఇంట్లో ఉండలేక.

నవంబర్ 9

ఐదు.

నవంబర్ 11

మంచు పడింది. సున్నా. రాళ్ళ మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. చుట్టుపక్కల ఎవరూ లేరు.

నవంబర్ 13

ఒకటి.

లెంపీ వదిన ఇంటికి వెళ్ళాను, రొట్టె డబ్బా తిరిగి ఇవ్వడానికి. లోపల రేడియో మోగుతోంది. తలుపు తీయలేదు. డబ్బా మెట్టు మీద పెట్టి వచ్చేశాను.

నవంబర్ 15

చివరి రోజు. సున్నా.

ఐనార్ తన మొన దగ్గర్నుంచి నేరుగా వచ్చాడు, ఏడాది కాగితం పూర్తిచేసి తీసుకెళ్ళడానికి. రాళ్ళ మీదే కూర్చుని మొత్తం వేశాం. నాలుగు వందల ఎనభై మూడు. తౌనో ఉంటే ఆ అంకె వంక ఎంతసేపు చూసేవాడో. ఐనార్ వైపు కూడా ఎనిమిది వందలు దాటలేదు. పోయినేడు ఇద్దరికీ మూడేసి వేల పైనే.

కాగితం అడుగున ఖాళీ గళ్ళకు కారణం రాయాలి. ఆసుపత్రి, అంత్యక్రియల రోజులకు ఐనారే రాసేశాడు, ముందటి పన్నెండు గళ్ళు మిగిలాయి. ఒంట్లో బాగాలేదని రాస్తే సరిపోతుందన్నాడు. నేను ఇలా రాశాను: అక్టోబర్ 9 నుంచి 20 వరకు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టినట్టు చెప్పాను.

రెండో వాక్యం అక్కర్లేదన్నాడు ఐనార్.

ఉండనిమ్మన్నాను. సంతకం చేశాను. ఆయన మడిచి కవరులో పెట్టుకుని, వచ్చే సెప్టెంబరు సంగతి అడగబోయి ఆగిపోయాడు. ఇంటి దగ్గర దింపుతానన్నాడు. నా బండి ఉంది, వెళ్ళమన్నాను.

లెక్కపెట్టే నాలుగు గంటలూ ఎప్పుడో అయిపోయాయి. ఇంటికెళ్ళి చేయాల్సిందేమీ లేదు. కూర్చునే ఉన్నాను. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా ఉత్తరాన ఒక చుక్క కనిపించింది. బారులో లేదు, ఒక్కటే. మెడ కిందికి వేలాడేసి, గూని వీపుతో, నా తల మీదుగా దక్షిణానికి పోయింది. రెక్కల చప్పుడు నిజంగానే వినిపించింది.

వేళ దాటాక వచ్చింది. కాగితానికి ఎక్కదు. ఐనార్‌కు ఫోన్ చేసి చెప్పలేదు.

ఇక్కడ రాస్తున్నాను. ఒకటి.